ఆకుపచ్చ చార

జూన్ 4

అమ్మాయికి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం కార్ఖానాకే వచ్చింది. ఇంటి చిరునామాకు రాయమంటే వినవు. పోస్ట్‌మాన్ దాన్ని మా మేస్త్రి చేతికిచ్చాడు. మేస్త్రి దాన్ని పదిమంది ముందు ఊపుతూ "కోడలు రాసిందమ్మోయ్, ఏం తగాదా తెచ్చిందో" అన్నాడు. తరిమెన ఆపేసి, చేతికంటిన పొట్టు దులుపుకుని అక్కడే నిలబడి చదివాను. ఇరవై ఆరేళ్ళుగా ఈ తరిమెన మీద కర్ర తిప్పి బొమ్మలూ మంచం కోళ్ళూ చేస్తున్నాను. పని వేళలో దాన్ని ఆపడం నాకిది మూడోసారి.

బుడంకాయకు పళ్ళొస్తున్నాయన్నమాట! ఏడో నెలకే. మా వంశంలో అందరికీ నోరు ముందు, నడక తరవాత.

ఏడుస్తోందని, చొంగ కారుస్తోందని, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోందని రాశావు. కంగారు పడకు, అది జబ్బు కాదు. ముందు నువ్వు గోళ్ళు కత్తిరించుకో. తరవాత చేతులు సబ్బుతో కడుక్కో. చూపుడువేలితో కింది చిగురు మీద, ముందువైపు, మెల్లగా రుద్దు. పిల్ల వేలిని కొరికితే కొరకనివ్వు. మెత్తటి గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి పిండి నమలనివ్వు. గుడ్డకు దారాలు వేలాడకుండా చూసుకో. చెంచాను చన్నీళ్ళలో పడేసి, దాని వెనకవైపు చిగురుకు ఆనించు. అప్పుడప్పుడూ చిటికెడు తేనె నాకించు. బజారులో చిన్న డబ్బాల్లో అమ్మే పళ్ళ పొడి జోలికి మాత్రం పోకు.

ఒళ్ళు కాలినా, చెవి పట్టుకుని లాక్కున్నా బెదిరిపోకు. పంటి పోటు చెవిదాకా పాకుతుంది. దాన్ని పళ్ళ జ్వరం అంటారు. పన్ను పొడుచుకు రాగానే దానంతటదే పోతుంది. ముగ్గురిని పెంచినదాన్ని చెబుతున్నాను.

మావాడు ఆ పూడిక తీసే పడవ మీద నుంచి మళ్ళీ ఎప్పుడు దిగుతాడో రాయి. నాకు రాయడానికి వాడికి చేతులు పడిపోయాయి కాబోలు.

ఇక్కడ ఇంకా చినుకు లేదు.

మీ అత్తయ్య


జూన్ 11

అత్తయ్యకు,

మీ ఉత్తరం మంగళవారం లాంచీలో వచ్చింది. మీ ఇంటి చిరునామా మా పెళ్ళినాటి కాగితం మీద ఉంది, దాన్ని మీ అబ్బాయి ఎక్కడ పెట్టారో ఆయనకే తెలియదు. అందుకని మళ్ళీ కార్ఖానాకే రాస్తున్నాను. మేస్త్రిగారికి తగాదా లేదని చెప్పండి.

తడిగుడ్డ బాగా పనిచేసింది. నేను పొద్దున ఆరింటికీ, పన్నెండింటికీ, సాయంత్రం ఆరింటికీ జలాశయం గట్టు మెట్లు దిగి నీటిమట్టం చూసి రావాలి కదా. నూట నలభై మెట్లు. పాపను పైన గేజి గదిలో బుట్టలో పడుకోబెట్టి, చేతికి తడిగుడ్డ ఇచ్చి దిగుతున్నాను. నేను తిరిగి వచ్చేదాకా గుడ్డతో యుద్ధం చేస్తూ ఉంటుంది. వేలితో రుద్దడం కూడా చేస్తున్నాను. గోళ్ళు కత్తిరించుకున్నాను.

తేనె మాత్రం పెట్టడం లేదు. ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా నాకించకూడదని కాలనీ ఆసుపత్రి నర్సమ్మ గట్టిగా చెప్పింది. అందులో ఉండే ఏవో క్రిములు పెద్దవాళ్ళను ఏమీ చెయ్యవట గానీ పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తాయట. మీరు ఏమీ అనుకోవద్దు.

ఇక్కడ ఫోను నీటిమట్టం చెప్పడానికే. సొంత కబుర్లు చెబితే ఇంజనీరుగారు జీతం కోస్తారు. మొన్న గాలికి ఆ ఫోను తీగ కూడా తెగి, ఇప్పుడు అంకెలు సైకిలు మీద డ్యాముకు పంపుతున్నాం. తంతి ఇచ్చినా ఉత్తరం రాసినా రేవులో ఆగి, మంగళవారమో శుక్రవారమో లాంచీ ఎక్కాల్సిందే. కాబట్టి నా జవాబు ఆలస్యమైతే అలక అనుకోకండి.

ఉంటాను,
మీ కోడలు


జూన్ 15

అమ్మాయికి,

నర్సమ్మ చెప్పింది, నువ్వు విన్నావు. మంచిదే. నేను అలిగానని అనుకోకు, అలగడానికి నాకు తీరిక లేదు. మంచం కోళ్ళు ఎనభై ఉన్నాయి, నెలాఖరుకు ఇవ్వాలి. నా పిల్లలు ముగ్గురూ తేనె నాకి గుండ్రాళ్ళలా పెరిగారని మాత్రం నర్సమ్మకు చెప్పు. వాళ్ళలో ఒకడిని నువ్వే పెళ్ళి చేసుకున్నావు, చూసుకో.

దీనితోపాటు ఒక పొట్లం వస్తుంది. విప్పి చూడు. చెక్క కడియం. బుడంకాయ పిడికిలికి సరిపోయేలా కొలత ఊహించి చేశాను. రెండు రోజులు భోజనం వేళ తినడం మానేసి తిప్పాను. మూడు రకాల గరుకు కాగితాలతో రుద్ది, ఆఖరున నా చెంప మీద రాసి చూసుకున్నాను, ఎక్కడైనా గీరుకుంటుందేమోనని. రంగు వెయ్యలేదు, లక్క పుయ్యలేదు. ఉత్త చెక్క. నీ నర్సమ్మ కూడా వంక పెట్టలేదు.

ఆ చెక్క చూశావా? కార్ఖానా వెనక గోడవారన పడి ఉన్న ముక్కల్లో దొరికింది. మన్ను తుడిచి చూద్దును కదా, తెల్లటి చెక్కలో లేత ఆకుపచ్చ చార! ఇన్నేళ్ళలో అలాంటి చార నేను చూడలేదు. కర్ర ముఖం చూసి దాని పుట్టు పూర్వోత్తరాలు చెబుతానని నాకు పేరు. ఇది కొత్త జాతేదో అయి ఉంటుందని వెంటనే దాచేశాను, మేస్త్రికి కూడా చెప్పలేదు. చెబితే ఆ ముక్కతో ఏ పెట్టె పిడో చేయించి ఉండేవాడు.

పిల్లకు ఇది ఇవ్వు. మెత్తటి గుడ్డ చిగురు దురద తీర్చదు, గట్టిది ఏదో ఒకటి కొరకాలి. నువ్వేమో అమ్మ లేని పిల్లవి, ఇవన్నీ నీకెవరు చెబుతారు, ఎక్కడ నేర్చుకుంటావు!

పిల్లకు నచ్చిందో లేదో తప్పకుండా రాయి.

మీ అత్తయ్య


జూన్ 23

అత్తయ్యకు,

పొట్లం అందింది. కడియం చాలా బాగుంది.

పాప దాన్ని వదలడం లేదు. నిద్రలో కూడా పట్టుకునే ఉంటుంది. ముఖ్యంగా ఆ ఆకుపచ్చ చార ఉన్న వైపే కొరుకుతోంది. మీరు చాలా శ్రమపడ్డారు.

వానలు మొదలయ్యాయి. నీళ్ళు పెరుగుతున్నాయి కాబట్టి ఇప్పుడు గంటకోసారి మట్టం చూడాలి. మెట్లలో నలభై మునిగాయి. అంటే నాకు అన్ని మెట్లు దిగే పని తగ్గిందన్నమాట.

నిన్నటి నుంచి పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంది. ముక్కు కారుతోంది, పాలు సరిగా తాగడం లేదు. మీరు రాసినట్టే చెవి పట్టుకుని లాక్కుంటోంది. పళ్ళ జ్వరమే అనుకుంటున్నాను.

మీ అబ్బాయి క్షేమంగా ఉన్నట్టు రాశారు. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.

మీ కోడలు


తంతి — జూన్ 25

కడియం పాపకు ఇవ్వొద్దు. ఇచ్చి ఉంటే వెంటనే లాక్కో. పొయ్యిలో పెట్టొద్దు. ఉత్తరం వస్తోంది. అత్తయ్య.


జూన్ 25

అమ్మాయీ,

తంతి, ఇదీ ఒకేసారి అందితే ముందు ఇదే చదువు. కాదు, ముందు పిల్ల చేతిలో ఏముందో చూడు. ఆ కడియం ఉంటే తీసెయ్. పిల్ల చేతులూ నోరూ మంచినీళ్ళతో కడుగు. తరవాత చదువు.

ఈ పొద్దున మేస్త్రి వెనక గోడ దగ్గర నిలబడి లెక్క చూసుకుంటున్నాడు. "గుంజల ముక్కల్లో ఒకటి తగ్గిందేం? ఎవరు తీశారు?" అన్నాడు. అందరం పని చేసుకుంటూనే ఉన్నాం. "సరదాకి అడగట్లేదయ్యా. అవి చెదల మందులో నానబెట్టిన గుంజల కొసలు. దూరంగా తీసుకెళ్ళి పూడ్చాలని పక్కన పెట్టా. పొయ్యిలో పెడితే ఆ పొగక్కూడా మనిషి పడిపోతాడు. ఆకుపచ్చగా ఉంటాయి, చూస్తే తెలీదా?" అన్నాడు.

తరిమెన తిరుగుతూనే ఉంది.

అమ్మాయీ, ఆ చార చెట్టుది కాదు, మందుది. కర్ర ముఖం చూసి చెబుతానన్న దాన్ని, ముఖానికి పూసిన విషాన్ని చూసి మురిసిపోయాను. నా చెంప మీద రాసుకుని మరీ పంపాను. మేస్త్రికి చెప్పి ఉంటే అక్కడే ఆగిపోయేది. దాచుకున్నాను, నా పిల్లకే దక్కాలని.

ఇచ్చావో లేదో నాకింకా తెలియదు. నీ జవాబు రాలేదు. ఇవ్వలేదని రాయి. నా మీద కోపంతో ఇవ్వలేదని రాసినా సరే.

ఇచ్చి ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళి కడియం కూడా చూపించు. చెదల మందు అని చెప్పు. ఏ మందో మేస్త్రిని అడిగి కాగితం మీద రాయించి ఇందులో పెడుతున్నాను, అది డాక్టరుకు ఇవ్వు. నా పేరు చెప్పు, దాచకు.

అత్తయ్య


జూన్ 28, రేవు దగ్గర

అమ్మాయీ,

నీ 23వ తేదీ ఉత్తరం మొన్న వచ్చింది. చార ఉన్న వైపే కొరుకుతోందని రాశావు. నిద్రలోనూ వదలడం లేదన్నావు. జ్వరం అన్నావు. చదివి మేస్త్రికి చూపించాను. మేస్త్రే బస్సెక్కించాడు.

నిన్న సాయంత్రం రేవుకు వచ్చాను. శుక్రవారం లాంచీ గాలికి బయల్దేరనే లేదట. నా తంతీ, నా ఉత్తరమూ రెండూ ఇక్కడే, టపా సంచిలో, చూరు కింద తగిలించి ఉన్నాయి! నా కళ్ళతో చూశాను. సంచి విప్పమంటే విప్పరు. మంగళవారం గాలి తగ్గితే లాంచీ వెళుతుంది, కానీ సిబ్బందినీ టపానీ తప్ప ఎవరినీ ఎక్కించరు, వరద తగ్గేదాకా అంతేనట. లాంచీ డ్రైవరు కాళ్ళు పట్టుకోబోయాను. "నేనెక్కిస్తానమ్మా, నాతోపాటు నువ్వూ మునుగుతావు. అప్పుడు నీ ఉత్తరం ఎవరిస్తారు?" అన్నాడు. నిజమే. అందుకని రాస్తున్నాను. ఇది అతని చొక్కా జేబులో పెడతాడు, సంచిలో కాదు.

ఇక్కడి నుంచి అవతలి గట్టు కనబడుతుంది. తెల్లగా వరసగా ఉన్నవి మీ క్వార్టర్సే అనుకుంటాను. అందులో ఏది నీదో తెలియదు.

ఒక సంగతి చెప్పాలి. మీ ఆయనకు కూడా తెలియదు. చెప్పే అవసరం రాకూడదనుకున్నాను.

ముగ్గురిని పెంచానని రాశాను కదా. అది నిజమే. కన్నది మాత్రం నలుగురిని. మీ ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల. తొమ్మిదో నెల. పొట్టిది అని పిలిచేవాళ్ళం. ఒకరోజు ముక్కు కారింది, మర్నాటికి ఒళ్ళు కాలింది. చెవి పట్టుకుని లాక్కుని ఏడ్చేది. పళ్ళ జ్వరం అన్నారు అందరూ, నేనూ అన్నాను. నాలుగు రోజులు చిగుళ్ళు రుద్దుతూ కూర్చున్నాను. చల్లటి చెంచా పెట్టాను. తేనె పెట్టాను. ఐదో రోజు మెడ నిలపలేదు. అప్పుడు ఎత్తుకుని పరిగెత్తాను. డాక్టరు చూసి, చెవిలో చీము పట్టి తలకెక్కింది, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా అన్నాడు. పళ్ళొస్తున్నాయండీ అన్నాను. పళ్ళకూ దీనికీ ఏం సంబంధం అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పళ్ళ జ్వరంతోనే పోయిందని చెప్పాను. ముప్పై రెండేళ్ళుగా నాకు నేను కూడా అలాగే చెప్పుకున్నాను. పళ్ళ జ్వరం అయితే నా తప్పు లేదు కదా. అందుకే నీకూ అదే రాశాను. అబద్ధం ఎన్నిసార్లు చెప్పినా నిజం కాదని నాకు ఇప్పుడు, ఈ రేవులో కూర్చుంటే తెలిసింది.

అమ్మాయీ, పళ్ళొస్తే పిల్ల చికాకు పడుతుంది, చొంగ కారుస్తుంది, కాస్త వెచ్చబడుతుందేమో. అలా ఒళ్ళు కాలిపోదు. పాలు మానెయ్యదు. ఇప్పుడు నీ దగ్గర ఉన్న జ్వరం మందు వల్ల వచ్చిందో, చెవి వల్ల వచ్చిందో నేను చెప్పలేను. రెండింటిలో ఏదైనా కారణం నేనే. ఒకటి చేత్తో పంపాను, ఒకటి మాటతో పంపాను.

వెంటనే తీసుకెళ్ళు. నీళ్ళు పెరిగినా, ఇంజనీరు అరిచినా, గేజి మునిగినా. నా మాట విననిదానివే కదా, ఇదొక్కటీ విను.

అత్తయ్య


జూన్ 30

అత్తయ్యా,

లాంచీ గంటసేపే ఆగుతుంది, అందులో అరగంట మీ మూడూ చదవడానికే అయిపోయింది. చేతికి పెన్సిలే దొరికింది.

కడియం పాప నోట్లోకి పోలేదు. ఒక్కసారి కూడా పోలేదు. మీరు చుట్టిన కాగితంలోనే, నా ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఇప్పుడే తీసి చూశాను, చుట్టిన దారం కూడా అలాగే ఉంది. నిద్రలో పట్టుకుంటుందని, చార వైపే కొరుకుతోందని రాసిందంతా అబద్ధం. ఎందుకు రాశానో తరవాత చెబుతాను. ఎంత తిట్టినా పడతాను. మీరు ముందు ఊపిరి పీల్చుకోండి, ఏమైనా తినండి.

కానీ జ్వరం నిజం. మధ్యలో రెండు రోజులు తగ్గి, మళ్ళీ మూడు రోజుల నుంచి ఎక్కువైంది. కుడి చెవే లాక్కుంటోంది. ఆ వైపు పడుకోబెడితే గుక్కపట్టి ఏడుస్తోంది. నేను పళ్ళ జ్వరమనే ఉన్నాను. గంటగంటకూ మెట్లు దిగుతూ, వేలు కడుక్కుని చిగురు రుద్దుతూ ఉన్నాను. మీ ఉత్తరంలో పొట్టిది సంగతి చదివేటప్పుడు పాప నా ఒళ్ళోనే ఉంది, చెవి పట్టుకునే ఉంది.

వెళ్తున్నాను. ఆసుపత్రి డ్యాము అవతలి కొసన, నాలుగు మైళ్ళు. గేజి చూసే పని పంపు ఆపరేటరుకు అప్పగించాను. అతనికి కొలబద్ద మీద అంకెలు చదవడం ఇప్పుడే నేర్పాను. నేను మట్టం చెప్పకపోతే గేట్లు ఎప్పుడెత్తాలో డ్యాము మీదవాళ్ళకు తెలియదు, దిగువన ఊళ్ళున్నాయి, అందుకే ఇన్ని రోజులూ కదల్లేదు. ఇప్పుడు ఉద్యోగం పోతే పోనివ్వండి.

లాంచీ కూత వేస్తోంది.

మెడ నిలుపుతోంది అత్తయ్యా. చూశాను, మెడ నిలుపుతోంది.


జూన్ 30, రేవు దగ్గర

అమ్మాయీ,

నీ పెన్సిలు ఉత్తరం డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. చూపు ఆనక అతన్నే చదవమన్నాను. కడియం పెట్టె అడుగున ఉందని అతను చదవగానే నేను పెద్దగా ఏడ్చేశాను. రేవులో ఉన్నవాళ్ళంతా చెడ్డ కబురే అనుకుని చుట్టూ మూగారు. "మా కోడలు నేనిచ్చింది ముట్టుకోలేదు, నాకు అబద్ధం రాసింది" అన్నాను, ఏడుస్తూనే. వాళ్ళలో ఒకావిడ "పోనీలెమ్మా, ఈ కాలం కోడళ్ళంతే" అని నన్ను ఓదార్చింది. కోడలు తన మాట కొట్టిపారేసిందని ఇంతగా సంతోషించిన అత్త ఈ భూమ్మీద ఇంకొకతె ఉండదు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. అత్త ఉండి, ఆవిడ మాట వినని కోడలు అంతకంటే ఉత్తమురాలు.

సంతోషం అరగంటే ఉంది. తరవాత అతను మిగతాది చదివాడు.

శుక్రవారం దాకా నాకు ఏ కబురూ రాదు. మూడు రోజులు. కార్ఖానాలో అయితే కర్ర తిప్పుకుంటూ గడిపేదాన్ని. ఇక్కడ చేతులకు పని లేదు. చూరు కింద బల్ల మీద కూర్చుంటున్నాను, లేస్తున్నాను, అవతలి గట్టు చూస్తున్నాను. మెడ నిలుపుతోందని రాశావు. ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను.

ఎందుకు అబద్ధం రాశావో చెబుతానన్నావు. చెప్పక్కర్లేదు. నేను పంపిన ఉత్తరం నేనే మళ్ళీ మనసులో చదువుకున్నాను. ఇక్కడ అంతకంటే ఏం పని? అమ్మ లేని పిల్లవి, ఎవరు చెబుతారు, ఎక్కడ నేర్చుకుంటావు అని రాశాను. అది కదూ? రాసేటప్పుడు నాకు జాలిగా తోచింది. నీకెవరూ లేరని కాదు, నేనున్నానని చెప్పబోయాను. ఉలి చేత పట్టే మనిషిని, మాట కూడా ఉలిలాగే పడింది. తప్పయింది. ఇంకెప్పుడూ అనను.

పాప ఎలా ఉందో, మంచైనా చెడ్డైనా ఉన్నదున్నట్టు రాయి. ఈసారి నన్ను సంతోషపెట్టడానికి ఏమీ రాయొద్దు.

అత్తయ్య


జూలై 3

అత్తయ్యా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

చెవే. డాక్టరుగారు చిన్న దీపం పెట్టి కుడి చెవిలో చూశారు. చూసి "ఎన్ని రోజులైంది?" అన్నారు. చెప్పాను. "పళ్ళనుకున్నావా?" అన్నారు. అవునన్నాను. "అందరూ అదే అంటారు. పళ్ళు పాపం నోట్లో ఉన్నవే గానీ మాటలు రానివి, ఏ నింద వేసినా పడతాయి. ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే నువ్వు నా దగ్గరికి రావడం కాదు, నేను నిన్ను పట్నం పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చేది. లాంచీ ఎప్పుడొస్తుందో తెలియని ఈ వరదలో ఎలా పంపేవాణ్ణో నాకే తెలీదు" అన్నారు. మందు మొదలుపెట్టారు. ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. మర్నాడు చెవిలోంచి చీము కారింది. కారగానే పాప పడుకుంది చూడండి, ఏకబిగిన ఆరు గంటలు! నిన్నటి నుంచి జ్వరం లేదు. పాలు తాగుతోంది. మందు పది రోజులూ మానకుండా పొయ్యాలట, మళ్ళీ చూపించాలట.

ఇది మిమ్మల్ని సంతోషపెట్టడానికి రాసింది కాదు. కావాలంటే లాంచీ డ్రైవరును అడగండి, పాపను అతనికి చూపించాను. అతని బొటనవేలు కొరికింది.

మీ 28వ తేదీ ఉత్తరం రాకపోతే నేను కదిలి ఉండేదాన్ని కాదు. కడియం పాప ముట్టనే లేదని నాకు తెలుసు కదా, తంతి చూసి "అమ్మయ్య, బతికిపోయాం" అనుకుని మళ్ళీ మెట్లు దిగడానికి లేచాను కూడా. లాంచీ డ్రైవరు జేబులోంచి తీసి ఇచ్చిన కాగితం ఆపింది. మీరు ముప్పై రెండేళ్ళు ఎవరికీ చెప్పనిది నాకు చెప్పారు. మీ అబ్బాయికి అక్క ఉండేదని నేను చెప్పను. అది మీరే చెప్పాలి. పొట్టిది ఎలా ఉండేదో నాకు మటుకు మీరొచ్చాక చెప్పండి, అంతా చెప్పండి.

మీ 30వ తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. అవును, ఆ మాటే. పొట్లం విప్పి కడియం చూడగానే నాకు కళ్ళు చెదిరినంత పనైంది. అంత నున్నటి వస్తువు నాకు ఎవరూ ఎప్పుడూ చేసి ఇవ్వలేదు. తీసి చెంపకు ఆనించుకున్నాను. మీరూ అలాగే చూసుకున్నానని రాశారు. ఆ తరవాతే ఉత్తరం చివర ఆ మాట కనబడింది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ కాగితంలోనే చుట్టి పెట్టె అడుగున పడేశాను. కోపంతోనే, వేరే తెలివితేటలేమీ లేవు. మీ అబ్బాయి మాత్రం "మా అమ్మ చేత్తో చేసినదాన్ని కాదంటే మనసు విరుగుతుంది, నచ్చిందని ఒక్క ముక్క రాయి" అని రాశారు. ఒక్క ముక్క రాస్తే నమ్మరేమోనని నాలుగు ముక్కలు రాశాను. మిమ్మల్ని బాధపెట్టకూడదని రాసిన అబద్ధం మిమ్మల్ని నాలుగు రోజులు చంపింది. నాదీ తప్పే.

కడియం డాక్టరుగారికి ఇచ్చాను. మూత ఉన్న సీసాలో పెట్టించారు. ఇచ్చేముందు ఇంకోసారి చూశాను. చార నిజంగానే బాగుంది అత్తయ్యా. మీరు మోసపోవడంలో తప్పులేదు.

ఉద్యోగం పోలేదు. పంపు ఆపరేటరు రెండు రోజులూ అంకెలు సరిగ్గానే రాశాడు, ఒక్కచోట మాత్రం తేదీ వెయ్యడం మరిచాడు. ఇంజనీరుగారు అరిచారు, అరిచాక పాప ఎలా ఉందని అడిగారు. వరద తీస్తోంది. మునిగిన మెట్లలో పన్నెండు బయటపడ్డాయి. మంగళవారం నుంచి లాంచీలో అందరినీ ఎక్కిస్తారట.

ఇంకొకటి. పొద్దున మందు పోస్తుంటే చెంచా కింది చిగురుకు తగిలి టిక్కుమంది. వేలు పెట్టి చూశాను. కింద, ముందు, ఎడమవైపు. గరుగ్గా, బియ్యపు గింజంత. ఇంత రాద్ధాంతం జరిగాక తీరిగ్గా వచ్చింది మహాతల్లి. దాని పక్కది కూడా ఉబ్బి ఉంది, రేపో మాపో అదీ వస్తుంది, మళ్ళీ ఏడుపు మొదలు.

రేవులోంచి వెనక్కి వెళ్ళకండి. మంగళవారం లాంచీకి రండి. మా క్వార్టర్సు కుడి వైపు నుంచి మూడోది, కిటికీకి తడిగుడ్డ ఆరేసి ఉంటుంది. కొత్త కడియం ఏమీ చేసి తేవద్దు. ఈసారి దానికి మీ వేలు చాలు. గోళ్ళు కత్తిరించుకుని రండి. చేతులు ఇక్కడ కడుక్కుందురుగాని, సబ్బు పెడతాను.

మీ కోడలు